సైనికుడి మనసు ఎప్పుడు మారింది? (ఆదివారం గుంటూరు బ్రాడీపేటలో చూసిన యుద్ధ డాక్యుమెంటరీ మీద చర్చ)

బ్రాడీపేట పాఠకుడు · ఆదివారం రాత్రి 10:12

ఈ సాయంత్రం మా మిత్రుడి ట్యూషన్ గదిలో బల్లలు పక్కకు జరిపి, తెల్లగోడ మీద ప్రొజెక్టరు వేసుకుని పీటర్ జాక్సన్ 2018లో తీసిన ‘దే షల్ నాట్ గ్రో ఓల్డ్’ చూశాం. పద్నాలుగు మందిమి. మొదటి ప్రపంచ యుద్ధంలో పశ్చిమ రంగంలో, అంటే ఫ్రాన్స్, బెల్జియం వైపు పోరాడిన బ్రిటిష్ సైనికుల గురించిన డాక్యుమెంటరీ అది. వ్యాఖ్యాత లేడు. తెర మీద కుర్రవాళ్ళు నడుస్తూ ఉంటారు, వెనక ముసలి గొంతులు మాట్లాడుతూ ఉంటాయి. అంతే.

చూడని వాళ్ళ కోసం కొంచెం చెబుతాను. యుద్ధం వచ్చిందని తెలియగానే ఊళ్ళకు ఊళ్ళు సంబరపడతాయి. విదేశానికి పంపాలంటే పందొమ్మిదేళ్ళు నిండాలి, పదిహేను పదహారేళ్ళ వాళ్ళు వయసు పెంచి చెప్పి చేరిపోతారు. నీ వయసు చాలదు, బయటికి వెళ్ళి ఒక పుట్టినరోజు చేసుకుని రా అన్నాడట ఒక సార్జెంటు. గదిలో అందరూ నవ్వారు. ఇంతవరకూ బొమ్మ చిన్నగా, నలుపు తెలుపుల్లో ఉంటుంది. సుమారు అరగంట దగ్గర, కందకాల్లోకి అడుగుపెట్టగానే తెర నిండా విచ్చుకుని రంగులోకి మారుతుంది. ఆ క్షణంలో గదిలో ఎవరో ‘అమ్మో’ అన్నారు. ఆ తర్వాత బురద, ఎలుకలు, పేలు, కుళ్ళిన పాదాలు. తర్వాత దాడి. తర్వాత పట్టుబడిన జర్మన్లు, వాళ్ళూ మనలాంటి వాళ్ళే అని తెలిసిరావడం. తర్వాత యుద్ధం ఆగిపోతుంది, ఎవరూ కేకలు వెయ్యరు. ఇంటికి వస్తారు, ఎవరూ వాళ్ళను పట్టించుకోరు.

బయటికి వచ్చి శంకర్‌విలాస్ సెంటర్‌లో టీ తాగుతూ గొడవపడ్డాం. నాకు ఈ చిత్రం కుదిపేసినట్టు అనిపించింది. ఉబలాటంతో వెళ్ళినవాడు ఏమై తిరిగి వచ్చాడో కళ్ళకు కట్టింది. మా ట్యూషన్ మిత్రుడు లెక్కల మాస్టారు. ‘మనసు అలా మెట్లు మెట్లుగా మారదు, ఆ మెట్లు కట్టింది దర్శకుడు’ అన్నాడు. టీ చల్లారిపోయింది కానీ వాదన తెగలేదు. మీరేమంటారు?

మంగళగిరి మగ్గం · ఆదివారం రాత్రి 10:40

నేను ఫోనులో చూశాను. ఆ యాస సగం అర్థం కాలేదు. ముఖాలు చూస్తూ కూర్చున్నాను. అదే మేలయింది అనిపిస్తోంది.

ఎడిటింగ్ బల్ల · ఆదివారం రాత్రి 11:25

విజయవాడలో పదకొండేళ్ళుగా ఎడిటింగ్ చేస్తున్నాను, ఎక్కువగా పెళ్ళి వీడియోలు. నవ్వకండి, ఈ ప్రశ్నకు పెళ్ళి వీడియోలే సరైన చదువు.

ఒక పెళ్ళిలో పెళ్ళికూతురి తల్లి స్నాతకం దగ్గరే, పొద్దున్నే, కంట్లో పొగపడి కళ్ళు తుడుచుకుంది. అప్పగింతల వేళ ఆవిడ ఎక్కడో వంటవాళ్ళ లెక్కలు చూస్తోంది, కెమెరాలో లేదు. ఆ పొగ కన్నీళ్ళు తెచ్చి అప్పగింతల్లో పెట్టాను. వీడియో చూసి ఇంటిల్లపాదీ ఏడ్చారు, ఆవిడతో సహా. నేను అబద్ధం చెప్పానా? ఆవిడకు ఆ రోజు బాధ లేదా? ఉంది. కానీ ఆ కన్నీళ్ళు ఆ బాధవి కావు.

ఇప్పుడు ఈ సినిమా సంగతి. జాక్సన్ బృందం చేతికి వచ్చిన గొంతులు ఆరు వందల గంటలు, రెండు వందల మంది సైనికులవి. పాత ఫిల్ము వంద గంటలు. తయారైన సినిమా గంటా నలభై నిమిషాలు కూడా లేదు. ఎవరు మాట్లాడుతున్నారో పేరు పడదు, పేర్లన్నీ చివర్లో ఒకేసారి వస్తాయి. అంటే ఉత్సాహంగా మాట్లాడినవాడు ఒకడు, విసిగిపోయినవాడు మరొకడు కావచ్చు. రెండు వందల మందిని కలిపి ఒకే సైనికుడిగా కుట్టారు. ఆ కుట్టిన మనిషికి ‘మార్పు’ వచ్చింది.

ఇంకో సంగతి. ఆ గొంతులు యుద్ధంలో రికార్డు చేసినవి కావు. బీబీసీ 1964లో 26 భాగాల ధారావాహిక తీసింది, దాని కోసం చేసిన ఇంటర్వ్యూలు కొన్ని, ఆ తర్వాత ఇంపీరియల్ వార్ మ్యూజియం చేసినవి కొన్ని. మాట్లాడేది డెబ్బై ఏళ్ళ తాత. మాట్లాడుతున్నది పందొమ్మిదేళ్ళ కుర్రవాడి గురించి. మధ్యలో మరో ప్రపంచ యుద్ధం గడిచింది. మారింది కుర్రవాడా, తాతా?

లెక్కల మాస్టారికి నా ఓటు.

బ్రాడీపేట పాఠకుడు · ఆదివారం రాత్రి 11:51

మేడమ్, పొగ కన్నీళ్ళ మాట బాగుంది కానీ ఒక సందేహం. సినిమా మొదట్లోనే కొందరు ‘మళ్ళీ వెళ్ళమన్నా వెళ్తాను’ అనే అర్థంలో మాట్లాడతారు. మార్పును మెట్లు కట్టి చూపించాలనుకునే దర్శకుడు ఆ మాటలను తీసేయాలి కదా? ఎందుకు ఉంచాడు?

ఎడిటింగ్ బల్ల · సోమవారం ఉదయం 7:05

మొదట్లో ఉంచాడు. చివర్లో ఉంచి చూడమనండి, వేరే సినిమా అవుతుంది. అదే వాక్యం బురద చూడకముందు వింటే అమాయకత్వం, బురద చూశాక వింటే నమ్మలేని నిజం. అన్నవాడు మాత్రం బురద అంతా చూశాకే, ముసలివాడయ్యాకే అన్నాడు.

నిజాయితీ 1975 · సోమవారం ఉదయం 9:30

అసలు ఇలాంటి సినిమాలు వేసుకుని చూడటం దేనికి? సైనికులకు యుద్ధం మీద విరక్తి పుట్టిందని చూపిస్తే రేపు మన పిల్లలు సైన్యంలో చేరతారా? తెల్లవాళ్ళ యుద్ధం, తెల్లవాళ్ళ విరక్తి. మన జవాన్లకు అంటగట్టవద్దు.

పల్నాటి గాలి · సోమవారం ఉదయం 11:18

తెల్లవాళ్ళ యుద్ధమా? అక్కడికే వద్దామనుకుంటున్నాను.

ఆ యుద్ధంలో మన దేశం నుంచి 13 లక్షలకు పైగా పనిచేశారు, 74 వేల మందికి పైగా చనిపోయారు. 1914 సెప్టెంబరు చివర్లోనే మనవాళ్ళ ఓడలు ఫ్రాన్స్‌లోని మార్సెయ్ రేవుకు చేరాయి. 1915 మార్చిలో నవ్ షాపెల్ దగ్గర పోరాడారు. ఆ ఏడాది చివర్లో పదాతి దళాలను మెసపొటేమియాకు (ఇప్పటి ఇరాక్) తరలించారు, గుర్రపు దళాలు ఫ్రాన్స్‌లోనే ఉండిపోయాయి. జాక్సన్ సినిమా బ్రిటిష్ సైనికుల వరకే గీత గీసుకుంది. అది ఆయన ఇష్టం. కానీ మనవాళ్ళ గొంతు ఒక్కటీ లేకపోవడం నాకు మాత్రం ముల్లులా గుచ్చుకుంది.

మార్పు గురించి మాట్లాడాలంటే మనవాళ్ళ ఉత్తరాలు చూడాలి. యాభై ఏళ్ళ తర్వాత చెప్పినవి కావు, అప్పటికప్పుడు రాసినవి. ఆ ఉత్తరాలను సెన్సారు వాళ్ళు తెరిచి, ఇంగ్లీషులోకి మార్చి, నివేదికల్లో అతికించారు. అందుకే మిగిలాయి. మన మనసును చదవడానికి దొర పెట్టిన గూఢచారి మనకు ఆస్తి మిగిల్చాడు!

తొలి ఉత్తరాల్లో ఉప్పు తిన్న విశ్వాసం, వంశం పరువు, సర్కారు మెప్పు. 1915 జనవరిలో ఇంగ్లండు ఆసుపత్రి నుంచి ఒక గాయపడిన రాజపుత్ర సైనికుడు ఇంటికి రాశాడు: ఇది యుద్ధం అనుకోకండి, లోకం అంతమైపోతోంది, మన పెద్దలు చెప్పిన మహాభారత యుద్ధం లాంటిది ఇది అని. తర్వాత తర్వాత ‘ఇంకెవరినీ చేరనివ్వకండి’ అని ఇంటికి చెప్పడం మొదలైంది. నేరుగా రాస్తే సెన్సారు కత్తిరిస్తాడు కదా, అందుకని గుప్త భాష పుట్టింది. నల్ల మిరియాలు అంటే మన సైనికులు, ఎర్ర మిరప అంటే తెల్ల సైనికులు. నల్లవి ఘాటైనవి, ఎర్రవి అంత ఘాటు కాదు, నల్లవి అయిపోతున్నాయి, ఇంకా తెప్పిస్తారట అనే అర్థంలో ఒకడు రాశాడు. సెన్సారు అధికారి అది పట్టేశాడు, అందుకే మనకు తెలిసింది.

బ్రాడీపేట పాఠకుడు · సోమవారం ఉదయం 11:40

ఎర్ర మిరప ఘాటు లేదనడం గుంటూరులో చెల్లదు. మిర్చి యార్డు వాళ్ళు చదివితే మన వేదిక మూసేయిస్తారు.

మంగళగిరి మగ్గం · సోమవారం మధ్యాహ్నం 1:02

ఆ ఉత్తరం రాసినవాడికి ఏమైందో!

పల్నాటి గాలి · సోమవారం మధ్యాహ్నం 1:30

అతని సంగతి పక్కన పెట్టి, ఇద్దరు అన్నదమ్ముల మాట చెబుతాను. మీర్ దస్త్, మీర్ మస్త్. ఇద్దరూ అఫ్రిదీ తెగ పఠాన్లు, ఇద్దరూ ఒకే రంగంలో. మీర్ మస్త్ 1915 మార్చి మొదటి వారంలో రాత్రిపూట కొంతమందితో కలిసి జర్మన్ల వైపు వెళ్ళిపోయాడు. మీర్ దస్త్ అదే ఏడాది ఏప్రిల్‌లో బెల్జియంలోని ఈప్ర్ దగ్గర చూపిన సాహసానికి బ్రిటిష్ సైన్యపు అత్యున్నత పతకం విక్టోరియా క్రాస్ పొందాడు. ఒకే తల్లి పిల్లలు, ఒకే బురద, రెండు నెలల తేడా. ‘సైనికుల దృక్పథం ఇలా మారింది’ అని ఏ డాక్యుమెంటరీ అయినా ఒకే గీత గీస్తే నాకు ఈ అన్నదమ్ములే గుర్తొస్తారు.

గుణదల నర్సు · సోమవారం సాయంత్రం 6:48

మీరంతా ‘అభిప్రాయం మారింది’ అంటున్నారు. మా వృత్తిలో మేము చూసేది వేరు. మనసు మారిందని మనిషి చెప్పకముందే శరీరం చెప్పేస్తుంది.

జాన్ హ్యూస్టన్ 1946లో అమెరికా సైన్యం కోసమే ‘లెట్ దేర్ బీ లైట్’ అని ఒక డాక్యుమెంటరీ తీశాడు. రెండో ప్రపంచ యుద్ధం నుంచి మనసు దెబ్బతిని వచ్చిన సైనికుల వైద్యం గురించి. ఒకడి కాళ్ళు బాగానే ఉన్నాయి, నడవలేడు. ఒకడికి మాట తడబడి తడబడి ఆగిపోతుంది. ఒకడికి తన పేరే గుర్తులేదు. యుద్ధం మంచిదా చెడ్డదా అని వాళ్ళలో ఒక్కడూ ఉపన్యాసం ఇవ్వడు. తీయించిన సైన్యమే దాన్ని ముప్ఫై ఏళ్ళకు పైగా బయటకు రానివ్వలేదు, 1980 చివర్లో గాని జనానికి చూపలేదు. అందులో తుపాకి పేలదు, శవం కనిపించదు. అయినా భయపడ్డారు.

చివర్లో అందరూ చకచకా బాగైపోతారు, బేస్‌బాల్ ఆడతారు. అది మాత్రం నేను నమ్మను. రాత్రి డ్యూటీ చేసిన ఏ నర్సూ నమ్మదు.

నిజాయితీ 1975 · సోమవారం రాత్రి 8:15

చూశారా, సైన్యమే ఆపింది. వాళ్ళకు తెలియదా ఏది చూపించాలో! మా మేనమామ 1971 యుద్ధానికి వెళ్ళి వచ్చాడు. ఆయన ఫోటో ఇప్పటికీ మా ఇంట్లో దేవుడి పటాల పక్కనే ఉంటుంది. అలాంటివాళ్ళ గురించి చులకనగా మాట్లాడితే ఊరుకోను.

తెనాలి పరుగు · సోమవారం రాత్రి 8:50

నేను సైన్యంలో చేరడానికి నియామక ర్యాలీకి సిద్ధమవుతున్నాను. 1,600 మీటర్లు 5 నిమిషాల 40 సెకన్లలో వస్తోంది, ఇంకో పది సెకన్లు తగ్గాలి. ఈ సినిమా చూడమంటారా, వద్దంటారా? ఇంట్లో వద్దంటున్నారు.

మోడరేటర్ · సోమవారం రాత్రి 9:00

సైన్యంలో నాలుగేళ్ళ కొలువు పథకం అగ్నిపథ్ మంచిదా చెడ్డదా అనే చర్చకు ఈ వేదికలోనే వేరే చోటు ఉంది. ఇక్కడ మొదలుపెట్టిన మూడు వ్యాఖ్యలను అటు తరలించాను.

మాజీ హవల్దార్ · సోమవారం రాత్రి 11:47

రెండేళ్ళుగా ఈ వేదికలో చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు. తప్పులుంటే సర్దుకోండి. నేను ఫిరంగి దళంలో పనిచేశాను. 1999లో కార్గిల్ యుద్ధంలో ద్రాస్ వైపు బోఫోర్స్ తోపు దగ్గర ఉన్నాను. ఈ సినిమా నిరుడు మా అబ్బాయి పెట్టి ఇస్తే చూశాను.

ముందుగా నిజాయితీ గారికి. మీ మేనమామ గారికి నా నమస్కారం. ఆయన గురించి ఇక్కడ ఎవరూ చులకనగా మాట్లాడలేదు. దేవుడి పటాల పక్కన పెట్టారు, సంతోషం. ఆయన బతికుండగా ఎవరైనా పక్కన కూర్చుని, ‘మావయ్యా, అక్కడ ఏం తిన్నారు, ఎక్కడ పడుకున్నారు’ అని అడిగారా? తెలుసుకోవాలని అడుగుతున్నాను, పొడవాలని కాదు.

ఇక సినిమా. నచ్చింది రెండు చోట్ల. ఒకటి, తోపు పేల్చినప్పుడు పక్కనే ఉన్న ఇంటి కప్పు పెంకులు జారి పడతాయి. అది తెలిసినవాడు పెట్టిన ముక్క. శబ్దం చెవికి చేరేలోపే నేల కదులుతుంది, అది కడుపులో తెలుస్తుంది. రెండోది టీ. పెట్రోలు డబ్బాల్లో నీళ్ళు మోసుకొస్తే టీ అంతా పెట్రోలు వాసన అంటాడు ఒక తాత. మాది కిరోసిన్. ఆ టీ నేను తాగాను. ఇప్పటికీ ఎక్కడైనా కిరోసిన్ వాసన వస్తే నాకు నోట్లో తీపి ఊరుతుంది. మా ఆవిడ నవ్వుతుంది.

మీరు అడిగిన ‘దృక్పథం’ సంగతి. తోపు దగ్గర ఎవరికీ యుద్ధం మీద అభిప్రాయం ఉండదు. సాక్సుల మీద ఉంటుంది. సెలవు మీద ఉంటుంది. ఉత్తరం ఎందుకు రాలేదన్న దాని మీద ఉంటుంది. ఎత్తు మారితే గుండు ఎంత దూరం పోతుందో దాని లెక్క మారుతుంది, ఆ లెక్క మీద ఉంటుంది. ఆ వేసవిలో మన ఫిరంగి దళం పేల్చినవి రెండున్నర లక్షలకు పైనే అంటారు. అందులో నా చేతి మీదుగా వెళ్ళినవి ఎన్నో నాకు తెలియదు. అవి ఎవరి మీద పడ్డాయో అంతకన్నా తెలియదు. పదాతి వాళ్ళు పైకి ఎక్కి కళ్ళతో చూశారు. మేము కొండకు ఇవతల నుంచి పేల్చాం. అందుకే వాళ్ళ మనసు మారిన తీరు వేరు, మాది వేరు. ‘సైనికుడు’ అని ఒకే మాట అంటే మాకు నప్పదు.

నా మనసు అక్కడ మారలేదు. ఇక్కడ మారింది. సెప్టెంబరులో సెలవు దొరికింది. జమ్ము నుంచి రైలు దిగి విజయవాడ స్టేషన్ బయటికి వస్తే ఆటో అబ్బాయి డబ్బు తీసుకోలేదు. ఊళ్ళో దండలు, స్కూల్లో సభ, శాలువా. అంతా బాగానే ఉంది. అప్పుడు ఒక పెద్దాయన మైకులోనే అడిగాడు, ‘ఎంతమందిని లేపేశావు బాబూ’ అని. అందరూ చప్పట్లు. నేను కూడా నవ్వాను. ఆ నవ్వు ఇప్పటికీ నాకు అర్థం కాలేదు. ఆ రాత్రి మాత్రం ఇంట్లో పడుకోలేక కాలువ గట్టు మీదకి వెళ్ళి కూర్చున్నాను.

నాలుగేళ్ళ తర్వాత పొలం కాగితం ఒకటి కావాల్సి వచ్చింది. ఒక కార్యాలయం చుట్టూ తొమ్మిదిసార్లు తిరిగాను. తొమ్మిదోసారి గుమస్తా తలెత్తకుండా, ‘ఇన్నాళ్ళూ ఎక్కడున్నావు, ముందే రావాల్సింది’ అన్నాడు. అప్పుడు కోపం రాలేదు. నిరుడు సినిమా చివర్లో కోపం వచ్చింది. యుద్ధం నుంచి తిరిగి పాత కొలువుకు వెళ్ళినవాడిని తోటివాడు, ఇన్నాళ్ళు ఎక్కడున్నావు, రాత్రి డ్యూటీనా అని అడుగుతాడు చూడండి, అక్కడ. మా అబ్బాయి నవ్వాడు. నేను లేచి వెళ్ళిపోయాను.

తెనాలి తమ్ముడూ, సినిమా చూడు. పరుగు తప్పకుండా పెట్టు. ఈలోగా పళ్ళు ఒకసారి డాక్టరుకు చూపించుకో, వైద్య పరీక్షలో పళ్ళ దగ్గర వెనక్కి పంపిన వాళ్ళను నేను చూశాను.

మంగళగిరి మగ్గం · మంగళవారం ఉదయం 6:10

పొద్దున్నే చదివాను. ఏమీ రాయాలనిపించడం లేదు. నమస్కారం హవల్దార్ గారూ.

ఎడిటింగ్ బల్ల · మంగళవారం ఉదయం 8:20

హవల్దార్ గారూ, మీరు చెప్పాక నా మాట కొంత వెనక్కి తీసుకోవాలి. అంతా కాదు, కొంత.

గొంతులను కుట్టవచ్చు. ముఖాలను కుట్టలేం. అందులో ఒక లోతైన బండిదారిలో లాంకషైర్ ఫ్యూజిలియర్లు అనే బ్రిటిష్ పదాతి దళం వాళ్ళు కూర్చుని ఉంటారు, 1916 జులై 1 ఉదయం, ఫ్రాన్స్‌లో సోమ్ దాడికి కొద్దిసేపటి ముందు. జెఫ్రీ మాలిన్స్ తీసిన ఫిల్ము అది. ఆ ఒక్క రోజులో బ్రిటిష్ సైన్యంలో 57,470 మంది గాయపడో, చనిపోయో, కనిపించకుండానో పోయారు. అందులో మరణించినవారు 19,240 మంది. ఆ కుర్రవాళ్ళకు అంకె తెలియదు కానీ ఏదో తెలుసు. ఒకడు కెమెరా వంక చూస్తాడు, చూపు తిప్పుకోడు. అప్పట్లో చేత్తో తిప్పే కెమెరాలు, సెకనుకు పది నుంచి పద్దెనిమిది బొమ్మలు. మామూలుగా వేస్తే మనుషులు బొమ్మల్లా గెంతుతూ నవ్వు తెప్పిస్తారు. జాక్సన్ వేగం సరిచేశాక వాళ్ళు మనుషుల్లా కూర్చున్నారు. రంగు వెయ్యడం మీద నాకు పేచీ ఉంది, పెదవుల కదలిక చదివించి మాటలు పెట్టించడం మీద ఇంకా పెద్ద పేచీ ఉంది. వేగం సరిచేయడం మీద మాత్రం లేదు.

ఒక విచిత్రం కూడా చెప్పాలి. మాలిన్స్, మెక్‌డొవెల్ తీసిన ఆ ఫిల్మును 1916 ఆగస్టులోనే ‘బాటిల్ ఆఫ్ ది సోమ్’ పేరుతో బ్రిటన్‌లో ఆడించారు. ఆరు వారాల్లో సుమారు రెండు కోట్ల మంది చూశారట. అందులో కందకం ఎక్కి దూకే ఘట్టం ఉత్తుత్తిది, శిక్షణ స్థలంలో తీసింది. ఆ రోజు చూసినవాళ్ళకు ఉత్తుత్తి ఘట్టమే నిజం అనిపించింది. బండిదారిలో కూర్చున్న నిజమైన ముఖాలను ఎంతమంది గమనించి ఉంటారు? అసలైన దాడి ఫిల్ము మీద లేదు గనుక జాక్సన్ ఆ చోట పాత పత్రికల్లో వేసిన బొమ్మలు వాడాడు. అది నిజాయితీ. నేనైతే ఆ ఉత్తుత్తి ఘట్టం వాడేసేదాన్నేమో, పొగ కన్నీళ్ళ లాగే.

పల్నాటి గాలి · మంగళవారం ఉదయం 10:33

అప్పటికప్పుడు రికార్డైన గొంతు కావాలంటే ఒకటుంది. 1916 డిసెంబరు 11న, బెర్లిన్ దగ్గర వున్స్‌డార్ఫ్ ఖైదీల శిబిరంలో జర్మన్ పండితులు భాషల మీద పరిశోధన కోసం మన ఖైదీల చేత గ్రామఫోను గొట్టంలోకి మాట్లాడించారు. మాల్ సింగ్ అనే సైనికుడు నిమిషం పైచిలుకు మాట్లాడాడు. తన కథే చెప్పాడు, కానీ ‘నేను’ అనలేదు. అనగనగా ఒక మనిషి, హిందుస్తాన్‌లో వెన్న తినేవాడు, అని మొదలుపెట్టాడు. ఆ మనిషి దొరల కొలువులో చేరాడు, యూరప్ యుద్ధానికి వచ్చాడు, జర్మన్లకు చిక్కాడు, ఇంటికి పోవాలనుకుంటున్నాడు, ఇంకో రెండేళ్ళు ఇక్కడే ఉంటే చచ్చిపోతాడు. దాదాపు అంతే. 2007లో ఫిలిప్ షెఫ్నర్ అనే జర్మన్ దర్శకుడు ‘ది హాఫ్‌మూన్ ఫైల్స్’ అనే డాక్యుమెంటరీలో ఆ గొంతు వినిపించాడు. తెర చాలాసేపు నల్లగా ఉంటుంది. చూడటానికి ఏమీ ఉండదు, వినాలి.

హవల్దార్ గారు సాక్సుల గురించి, టీ గురించి చెబితే నాకు ఆ వెన్న గుర్తొచ్చింది. మాల్ సింగ్ యుద్ధం మీద ఒక్క అభిప్రాయం చెప్పలేదు. వెన్న తినేవాడు అన్నాడు.

గుణదల నర్సు · మంగళవారం మధ్యాహ్నం 2:15

‘నేను’ అనకపోవడం గమనించారా? మా దగ్గర కూడా అంతే. ‘ఒకతనికి నిద్ర పట్టదు సిస్టర్, ఏం చేయాలి’ అంటారు.

బ్రాడీపేట పాఠకుడు · మంగళవారం రాత్రి 9:05

మూడు దూరాలు కనిపిస్తున్నాయి నాకు. మాల్ సింగ్ యుద్ధం నడుస్తుండగానే మాట్లాడాడు. జాక్సన్ సినిమాలోని తాతలు యాభై ఏళ్ళ తర్వాత మాట్లాడారు. మధ్యలో ‘రెస్ట్రెపో’ అనే డాక్యుమెంటరీ ఉంది, 2010లో సెబాస్టియన్ యుంగర్, టిమ్ హెదరింగ్టన్ తీసింది. అఫ్గానిస్తాన్‌లోని కోరెంగల్ లోయలో ఒక అమెరికన్ పోస్టులో వాళ్ళతోపాటే ఉండి తీశారు. ఆ సైనికులు లోయ విడిచి ఇటలీ స్థావరానికి చేరిన కొన్ని నెలలకు వాళ్ళ ముఖాలను దగ్గరగా పెట్టి మాట్లాడించారు. ఒక కుర్రవాడు స్నేహితుడి చావు గురించి చెబుతూ నవ్వుతూనే ఉంటాడు. చెబుతున్నది ఒకటి, ముఖం చేస్తున్నది ఒకటి. హవల్దార్ గారు మైకు దగ్గర నవ్విన నవ్వు చదివాక ఆ కుర్రవాడిని మళ్ళీ చూడాలనిపించింది. వాళ్ళు అంత ప్రాణం పెట్టి కాచిన ఆ లోయను 2010 ఏప్రిల్‌లో అమెరికా సైన్యం వదిలేసి వెళ్ళిపోయింది. హెదరింగ్టన్ మరుసటి ఏడాది లిబియాలో, మిస్రాతాలో చనిపోయాడు.

వచ్చే ఆదివారం అది వేద్దామా?

పల్నాటి గాలి · మంగళవారం రాత్రి 9:40

వేయండి. ఒక్క మాట, మన గడ్డ మీది ముచ్చట. కారంపూడిలో కార్తీక అమావాస్యకు వీరుల పండుగ ఐదు రోజులు జరుగుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు. మా నాన్న భుజాల మీద కూర్చుని చూశాను. చివరి రోజు వీరులు నేలకొరిగే వేళ జనం ఎలా ఉంటారో చెప్పలేను. బాలచంద్రుడి ఉరుకు మీదే మన పాటలన్నీ. యుద్ధం అయ్యాక అందరినీ పోగొట్టుకుని గుత్తికొండ బిలంలోకి వెళ్ళిపోయిన బ్రహ్మనాయుడి గురించి మాత్రం కథకులు నాలుగు ముక్కల్లో ముగిస్తారు. మనసు మారినవాడి మీద మనం కూడా ఎక్కువసేపు ఆగలేదు. ఉరికేవాడి మీదే మన కన్ను.

మోడరేటర్ · మంగళవారం రాత్రి 9:44

కారంపూడి 2022 నుంచి పల్నాడు జిల్లా. గుంటూరు విభాగంలో పెట్టినందుకు మళ్ళీ ఫిర్యాదు రాకముందే చెబుతున్నాను.

పల్నాటి గాలి · మంగళవారం రాత్రి 9:46

జిల్లా మారితే బిలం మారదు లెండి.

నిజాయితీ 1975 · బుధవారం ఉదయం 7:30

హవల్దార్ గారూ, మీరు అడిగిన దానికి జవాబు ఇవ్వడానికి ఒక రోజు పట్టింది. మా మేనమామను ఎవరూ అడగలేదు. నిన్న రాత్రి మా అమ్మకు ఫోను చేశాను. ఆయన తిరిగి వచ్చాక దీపావళికి ఊళ్ళో ఉండేవాడు కాదట, రెండు రోజులు ముందే ఏదో పని చెప్పి బాపట్ల వైపు వెళ్ళిపోయేవాడట. అందరూ పిసినారి, టపాకాయల ఖర్చు తప్పించుకుంటున్నాడు అనుకునేవారట. నేనూ అలాగే అనుకునేవాడిని, చిన్నప్పుడు ఆయన్ని ఎగతాళి చేశాను కూడా.

సినిమా మీద నా అభిప్రాయం మాత్రం మారలేదు. మేనమామ సంగతి చెప్పాలనిపించి చెప్పాను.

మాజీ హవల్దార్ · బుధవారం ఉదయం 8:55

చెప్పారు కదా, చాలు. బాపట్లలో సముద్రం దగ్గర రాత్రి చాలా నిశ్శబ్దంగా ఉంటుంది. అలలది శబ్దం కాదు.

తెనాలి పరుగు · బుధవారం సాయంత్రం 6:20

సినిమా చూశాను. రాత్రి కాసేపు నిద్ర పట్టలేదు. పొద్దున 5 నిమిషాల 36 సెకన్లు. ఆదివారం నేను కూడా రావచ్చా? పళ్ళ డాక్టరు దగ్గరికి శనివారం వెళ్తున్నాను.

బ్రాడీపేట పాఠకుడు · బుధవారం సాయంత్రం 7:00

తప్పకుండా రా తమ్ముడూ. ఆదివారం ఆరు గంటలకు, అదే గది. హవల్దార్ గారూ, మీరు కూడా వస్తే మాకు గౌరవం. సినిమా అయ్యాక రెండు మాటలు మాట్లాడగలరా?

మాజీ హవల్దార్ · బుధవారం రాత్రి 10:31

వస్తాను. మాట్లాడటం ఆ రోజు చూద్దాం. శాలువా వద్దు, మైకు వద్దు. వెనక వరసలో, తలుపు దగ్గర ఒక కుర్చీ ఉంచండి.

బ్రాడీపేట పాఠకుడు · బుధవారం రాత్రి 10:38

ఉంచుతాం. తలుపు గడియ కొంచెం బిగుసుకుపోతుంది, మాస్టారికి చెప్పి నూనె వేయిస్తాను.